రంగం కుడుములు

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు మధ్యాహ్నం రంగం అమ్మమ్మ మా వాకిట్లో నిలబడి మూడుసార్లు పిలిచినప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను. అమ్మకు చెప్పలేదు, నాన్నకు చెప్పలేదు. అన్నీ రాసుకునే డైరీలో కూడా రాయలేదు. ఆ తేదీ కింద ఉన్నది రెండే ముక్కలు: "ఎండ బాగా ఉంది. నవల అయిపోయింది."

నిన్న పప్పు వడ్డిస్తూ అమ్మ అన్నది. "రంగం ముసలామె పోయిందంట. పదిరోజులైందంట. విసాపూర్ నుంచి వచ్చే కూరగాయలామె చెప్పింది."

నాన్న "అరెరె" అని చెయ్యి ఆపాడు. కాసేపటికి మళ్లీ కలుపుకున్నాడు. నేను తల దించుకుని తింటూనే ఉన్నాను.

"ఏందే, నిన్ను మస్తు సూసుకునేది గదా ముసలామె. ఒక్క మాటన్న అనవేంది?" అన్నది అమ్మ.

నేను మాట్లాడనని మా ఇంట్లో అందరికీ తెలుసు. అందుకని ఆ ప్రశ్న అక్కడే ఆగిపోయింది.

ఆమె అసలు పేరు రేషన్ కార్డులో ఉండేది. మా క్వార్టర్ల లైన్‌లో దాన్ని ఎవరూ వాడలేదు కాబట్టి నేనూ రాయను. శ్రీకాకుళం వైపు పాతవాళ్లు రంగూన్‌ను రంగం అంటారట. పెళ్లయిన ఏడాదే మొగుడి వెంట ఓడెక్కి రంగం పోయింది. పద్దెనిమిదేళ్లకు పైగా అక్కడ బతికింది. అక్కడి సర్కారు మారి మనవాళ్లందరూ వెళ్లిపోవాల్సి వచ్చినప్పుడు మొగుడితో, చంటి కొడుకుతో తిరిగొచ్చింది. సొంతూళ్లో నిలబడడానికి చోటు లేకపోతే, ఎవరో చెప్పిన మాట పట్టుకుని చంద్రపూర్ బొగ్గుగనులకు వచ్చారు. మొగుడు గనిలోనే పనిచేసి పోయాడు. కొడుకుకు ఆ తర్వాత అదే గనిలో పని దొరికింది. నాకు ఊహ తెలిసేసరికి దుర్గాపూర్ కోలరీలో మా క్వార్టర్‌కు నాలుగిళ్ల అవతల ఆమె ఉండేది.

మా లైన్‌లో అందరిదీ ఒక తెలుగు, ఆమెది ఒక తెలుగు. ఆడపిల్లను గుంట అనేది. మా దగ్గర గుంట అంటే వాననీళ్లు నిలిచే చోటు. "ఓలె గుంటా!" అని ఆమె కేకేస్తే లైనంతా నవ్వేది. "నవ్వండే, నవ్వండి. మీరు వస్తుండు, పోతుండు అంతంటే నాను నవ్వుతున్నానేటి?" అనేది. మూడు పదులేళ్లు ఇక్కడున్నా ఆ మాట మారలేదు. కూరగాయల బండివాడితో మాత్రం మరాఠీలో బేరమాడేది, అదీ శ్రీకాకుళం రాగంలో.

పొట్టి మనిషి. జుట్టును నడినెత్తి మీదికి ఎత్తి, ఒక పక్కకు ముడేసి, దానికి కొమ్ము దువ్వెన గుచ్చేది. ఎండలు ముదిరితే గంధపుచెక్క అరగదీసి రెండు చెంపలకూ రూపాయి బిళ్లంత గుండ్రంగా పూసుకునేది. అక్కడ వేరే ఏదో చెట్టు బెరడు పూసుకుంటారట, ఇక్కడ అది దొరక్క గంధం. గంధం కూడా లేనినాడు ముల్తానీ మట్టి. మా కోలరీలో ఆరేసిన తెల్ల బట్ట సాయంత్రానికి బూడిదరంగుకు తిరుగుతుంది. అటువంటి చోట ఆ చెంపలు దూరం నుంచే కనిపించేవి.

చుట్ట తాగేది. మామూలుగా ఉన్నప్పుడు అందరిలాగే తాగేది. మనసు బాగాలేనప్పుడు మాత్రం చుట్టను తిప్పి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పెదాలు మూసేసేది. వాళ్ల వైపు ఆడవాళ్లు అలా తాగడం మామూలేనట. దాన్ని అడ్డపొగ అంటారని ఆమే చెప్పింది. మాకు మాత్రం అదొక గుర్తు. నిప్పు లోపలుంటే ఆమెను పలకరించకూడదు.

ఇక కుడుముల సంగతి. ఏప్రిల్ నడుమ, లైన్‌లో జయంతి కోసం నీలం జెండాలు కట్టే రోజుల్లో, రంగంలో నీళ్ల పండుగ వస్తుందట. కొత్త సంవత్సరమట. ఆ రోజు వీధిలోని వాళ్లందరూ ఒకచోట చేరి జిగురు బియ్యప్పిండితో చిన్నచిన్న ఉండలు చేస్తారు. మధ్యలో బెల్లం ముక్క పెడతారు. మరిగే నీళ్లలో వేస్తే ముందు మునుగుతాయి, ఉడికాక తేలతాయి. తేలినదాన్ని తీసి చల్లనీళ్లలో వేసి, పైన కొబ్బరి కోరు చల్లి, దారినపోయే ప్రతి మనిషికీ పెడతారు. దానికి ఆమె ఏదో బర్మా పేరు చెప్పేది. మా నోళ్లకు తిరగక మేం రంగం కుడుములు అన్నాం.

కోలరీకి వచ్చిన మొదటి ఏడు రేషన్ బియ్యంతో చేసిందట. ఒక్కటీ తేలలేదు. అన్నీ పగిలి బెల్లం కారిపోయి, కడాయి నిండా ఎర్రటి జావ అయింది. లైన్‌లో వాళ్లు దాన్నే గ్లాసుల్లో పోసుకుని తాగి, "బర్మా అంబలి బాగున్నదమ్మా" అన్నారట. ఆ తర్వాత జిగురు బియ్యం కోసం ఊరూరా అడిగి, చివరికి రాజురా దాటినాక విరూర్‌లో ఒక తెలుగు రైతు ఇంట్లో పట్టుకుంది. వాళ్లు మడి మూలన ఇంత చారెడు మేర అటువంటి వడ్లు వేసుకునేవాళ్లు. ఏటా మాఘమాసంలో పాసింజర్ ఎక్కి పోయి, రెండు కిలోలు తెచ్చుకునేది. వాళ్ల దగ్గర అంతకంటే ఉండేది కాదు. అది ఒక్కసారికే సరిపోయేది.

ఆ రోజు ఇద్దరు మనుషులతో అయ్యే పని కాదు. నానబెట్టిన బియ్యాన్ని తెల్లవారుజామున రుబ్బి, గుడ్డలో మూటగట్టి, మీద సన్నికల్లు పెట్టి నీళ్లు ఓడ్చేది. పొద్దున తొమ్మిదింటికి ఆమె వాకిట్లో గోనెసంచులు పరిచి ఆడవాళ్లందరం కూర్చునేవాళ్లం.

"సెయ్యి తడి సేసుకో. అంత నీళ్లెందుకే, స్నానం సేస్తున్నావేటి?"

"పెద్దమ్మా, గిది పిండా, గోందా? ఇడుస్తలేదు చేతికి!" అనేది మా అమ్మ.

"ఇడవకూడదనే గదా. ఇడిసీసీ పిండయితే నీకెందుకు సెప్తాను, దోసెలు పోసుకో."

"బెల్లం జర పెద్దది పెట్టొచ్చు గదా, పిసినారి."

"కుంకుడు గింజంతే. పెద్దదెడితే కడుపు పగిలి సస్తాది, ఆడదానిలాగే." అందరూ ఘొల్లుమనేవాళ్లు. పెళ్లికాని నేను అర్థంకానట్టు తల దించుకునేదాన్ని.

ఎన్ని చేశామో లెక్కపెట్టకూడదు, అదొక నియమం. మునిగిన ఉండను గరిటెతో కదపకూడదు, అదింకొకటి. నేను కంగారుపడి కదపబోతే చేతి మీద కొట్టేది. "దాన్ని ఒగ్గీ. దాని మానాన అదే లేస్తాది." రెండు గంటలకు ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ జరిగితే కిటికీ రెక్కలు దడదడలాడేవి, కడాయిలో నీళ్లు వణికేవి. ఆ వణుకుకు ఒక్కోసారి అన్నీ ఒక్కసారే పైకి లేచేవి. "సూసినావా, ప్రభుత్వం కూడా ఒక సెయ్యేసింది," అనేది.

ఒక్క ఉండలో మాత్రం బెల్లానికి బదులు పచ్చిమిరపకాయ ముక్క పెట్టేది. అది ఎవరికి వస్తే వాళ్ల నెత్తిన బిందెడు నీళ్లు పోయాలి. అక్కడి ఆచారమే అది. నాలుగింటికి మొదటి షిఫ్ట్ దిగి గనివాళ్లు మా లైన్ మీదుగా వచ్చేవాళ్లు. టోపీ మీద లైటు, పళ్లు తప్ప మిగతాదంతా నలుపు. దారికి అడ్డంగా మంచం వేసుకుని కూర్చుని, "నోరు తెరు!" అని ఒక్కొక్కరి నోట్లో ఆమే వేసేది. వాళ్ల చేతులు నల్లగా ఉంటాయి కదా.

"అమ్మమ్మా, ఈసారి మిర్చిది ఎవనికి రాసిపెట్టినవ్?"

"నీకే. మీ ఆవిడ సెప్పింది."

ఎవడో ఒకడు దగ్గుతూ గెంతేవాడు. లైనంతా కేకలు. నీళ్లు పడ్డవాడి ఒంటి మీద బొగ్గు చారలు చారలుగా కారుతుంటే, ఆ ఎండకు వాడికి అంతకంటే సుఖం ఉండేది కాదు. "ఇంకో బిందె పొయ్యండ్రి" అని అడిగేవాళ్లు. నేను మా గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. ఉండలు చేయడం వరకే నా పని. నలుగురి ముందుకు రమ్మంటే నా వల్ల కాదు.

నేను పన్నెండో తరగతి చదువుతున్న ఏడు, విరూర్‌కు తోడు రమ్మని నన్నడిగింది. అప్పటికే ఆమె కళ్లకు మోతీబిందు వచ్చి పొర కమ్మింది, స్టేషన్ బోర్డులు కనిపించేవి కావు. "మీ గుంటని పంపమ్మా. అది పుస్తకాల్లోంచి తలెత్తి లోకం సూసినట్టుంతాది," అన్నది అమ్మతో. నేను చదివింది మరాఠీ బడిలో. తెలుగు అక్షరాలు అమ్మ క్యాలెండర్ మీద నేర్పింది. ఆ తర్వాత నాన్న స్నేహితుడు, రైల్వేలో గార్డు, కాగజ్‌నగర్ నుంచి అద్దెకు తెచ్చిచ్చే నవలలే నాకు బడి. ఆ సంగతి తెలిసి వెక్కిరించని మనిషి ఆమె ఒక్కతే. "ఏటి రాసినాడే అందులో?" అని అడిగి, కథ సగం విని, "ఆ పిల్ల ఆడి మాట నమ్మకుండా ఉండాల్సింది" అని తీర్పు చెప్పేది.

బల్లార్షా దాటాక వర్ధా నది వంతెన వచ్చింది. ఆమె నదికి దండం పెట్టింది. తర్వాత కిటికీవైపే చూస్తూ, "అప్పటికి అదీ నీ ఈడుదే," అన్నది.

"ఎవరమ్మమ్మా?"

"నా కూతురు."

ఆమెకు కొడుకు ఒక్కడే అనుకున్నాం మేమందరం.

"అక్కడి మనిసినే సేసుకున్నాది. మంచోడే. పడవలకి రంగులేసీవోడు. మేం వొచ్చీసినప్పుడు ఆడికి కాగితాల్లేవు. ఆడినొగ్గి అది రానన్నాది. రేపు ఓడనగా ఎల్లినాను దాని దగ్గరికి. పిండి రుబ్బుతున్నాది. మర్నాడు నీళ్ల పండగ గదా. సేతులు పిండిలోంచి తియ్యనేదు. 'అమ్మా, ఏడవకే. ఏటేటా ఈ రోజుకి నానిక్కడ సేస్తాను, నువ్వక్కడ సెయ్యి. ఆ పూటకి ఇద్దరం ఒక్క పనిమీదే ఉంతాం గదా' అనీసినాది."

"మరి ఉత్తరాలు?"

"రెండొచ్చినాయి. తరవాత నేవు." కొంగుతో మూతి తుడుచుకుంది. "నాను ఒక్క ఏడు తప్పనేదే. మా ఆయన పోయిన ఏడు పెద్దకర్మయిన మూడోనాడే పండగొచ్చింది. సేసీసినాను. లైనంతా తిట్టినారు, మొగుడు పోతే మిఠాయిలేటని. ఏటి సెప్పను ఆళ్లకి? ఇక్కడ నాను మానేస్తే అక్కడ అది ఒక్కర్తీ అయిపోద్ది గదా."

నేను తలూపాను.

"మా కోడలికి కూడా తెల్దు ఈ మాట. కొడుక్కి అప్ప, మీరు అక్కంతారు గదా, గుర్తే నేదు. నువ్వు మాటాడవు గదా, అందుకని నీకు సెప్పినాను."

విరూర్‌లో ఆ రైతు భార్య మాకు చాయ్ ఇచ్చి, బియ్యం కొలుస్తూ, "గీ జిగురు బియ్యం కోసం రైలెక్కి వస్తది సూడు మా పెద్దమ్మ. మేమైతే కోళ్లకేస్తం" అన్నది. అమ్మమ్మ ఒక గింజ కొరికి చూసి, "మీ కోళ్లు పెట్టిపుట్టినాయమ్మా" అన్నది. తిరుగు రైల్లో బియ్యం సంచి ఒళ్లో పెట్టుకుని నిద్రపోయింది. నేను ఆమె వైపే చూస్తూ కూర్చున్నాను. నన్ను నమ్మి ఒకరు ఒక మాట దాచమనడం అదే మొదటిసారి.

ఆ రెండు మూడేళ్లలో కోలరీ మారిపోయింది. పాతవాళ్లు చాలామంది వాలంటరీ రిటైర్మెంట్ తీసుకుని ఊళ్లకు పోయారు. లైన్‌లో సగం క్వార్టర్లకు తాళాలు. ఉన్నవాళ్ల ఇళ్లలోకి కేబుల్ వచ్చింది, మధ్యాహ్నం సీరియల్ వదిలి ఎవరూ రారు. గోనెసంచుల మీద కూర్చునే ఆడవాళ్లు పదిహేను మంది నుంచి ఎనిమిది, ఎనిమిది నుంచి నలుగురు అయ్యారు. ఓపెన్‌కాస్ట్‌కు కాంట్రాక్టు మనుషులు లారీల్లో ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్లు. వాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. వాళ్లకు మేం తెలియదు.

ఒక ఏప్రిల్లో ఆమె మంచం దగ్గర నన్ను కూర్చోబెట్టింది. "నాకు మనుసులు అవుపించట్నేదే. నువ్వు పెట్టు." వాళ్ల నోట్లో వేయడానికి నాకు చెయ్యి రాలేదు. విస్తరాకు ముక్కల్లో పెట్టి ఇచ్చాను. లారీ దిగిన పదిమంది నిలబడి తింటున్నారు. ఒకతను, నాకంటే నాలుగైదేళ్లు పెద్దవాడై ఉంటాడు, కొరికి ఒక్కసారిగా ఉమ్మేశాడు. మిరపకాయది అతనికి వచ్చింది. దగ్గు విన్న అమ్మమ్మ ఆనందంగా లేచి, పక్కనున్న బిందె ఎత్తి ఆ దగ్గు వినిపించిన వైపు కుమ్మరించింది.

అతను తడిసి నిలబడ్డాడు. ఎవరూ నవ్వలేదు. అతను ఆమెను చూడలేదు, నన్ను చూశాడు. ఇచ్చింది నేనే కదా. హిందీలో అన్నాడు: మేం కాంట్రాక్టు వాళ్లమనే కదా ఈ ఆట? మేం మనుషులం కామా? పిలిచి తిండి పెట్టి ఇలా చేస్తారా?

నాకు హిందీ బాగానే వచ్చు. ఇది మా అమ్మమ్మ వాళ్ల పండుగ భయ్యా, ఇది వచ్చినవాళ్లకు మంచి జరుగుతుందని చేస్తారు అని ఒక్క మాట చెబితే సరిపోయేది. నా నోరు పెగల్లేదు. అతను ఆకు కింద పారేశాడు. మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే తమ ఆకులు మంచం మీద పెట్టేసి వెళ్లిపోయారు. అతని గొంతు కోపంగా ఉన్నా, కళ్లు అలా లేవు. సిగ్గుపడ్డ మనిషి కళ్లు అవి. నాకు ఆ చూపు బాగా తెలుసు.

"ఏటంతన్నాడే ఆడు?" అని అడిగింది అమ్మమ్మ.

"ఏం లేదమ్మమ్మా. మంచిగున్నయంటున్నడు."

ఆమె చుట్ట వెలిగించి, తిప్పి నోట్లో పెట్టుకుంది.

ఆ మరుసటి ఏడు జరిగిందే ఎవరికీ చెప్పనిది. ఆ రోజు పొద్దున్నే అమ్మ, నాన్న రాజురాలో పెళ్లికి పోయారు. అమ్మ పోతూ పోతూ ఆమెతో, "పెద్దమ్మా, మా పిల్ల ఇంట్లనే ఉంటది, తోలుకపో" అని చెప్పింది. అమ్మమ్మ కోడలిది అంగన్‌వాడీ పని, ఆ రోజు ట్రైనింగ్ అని చంద్రపూర్ పోయింది. కొడుకు షిఫ్ట్‌లో ఉన్నాడు. లైన్‌లో ఇంక రమ్మంటే వచ్చేవాళ్లు లేరు. తెల్లవారుజామున ఆమె రోలు చప్పుడు విన్నాను. కళ్లు కనిపించకపోయినా రుబ్బింది. రుబ్బడానికి చేతులు చాలు. ఏది తేలిందో ఏది మునిగిందో చూడడానికే నేను కావాలి. ఆ తర్వాత పెట్టడానికి కూడా నేనే ఉంటాను, ఆ లారీల ముందు.

నేను కూలర్ పెట్టుకుని నేలమీద పడుకుని నవల చదువుతున్నాను. సాయంత్రం గార్డు బండికి దాన్ని తిరిగి ఇవ్వాలి, ఇంకా నలభై పేజీలున్నాయి. అది ఒక సాకు. నాకు పెద్దగా చదవబుద్ధి కూడా కావడం లేదు. చెవులు వాకిట్లోనే ఉన్నాయి.

"ఓలె గుంటా!"

గోడ పట్టుకుని నాలుగిళ్లు నడిచి వచ్చింది. నేను కదలలేదు.

"గుంటా! ఉన్నావేటే? పిండి ఆరిపోతాది."

కూలర్ గడగడమంటోంది. ఆ చప్పుడుకు నేనున్నానని తెలిసిపోతుందేమోనని భయమేసింది. పాక్కుంటూ పోయి స్విచ్ ఆపేశాను. ఆపిన మరుక్షణం నేనేం చేశానో అర్థమైంది. ఖాళీ ఇంట్లో కూలర్ దానంతట అది ఆగదు. ఆ నిశ్శబ్దమే నా జవాబు. బయట ఆమె కూడా నిశ్శబ్దమైపోయింది.

చాలాసేపు అలాగే నిలబడింది. తలుపుకు అటు ఆమె, ఇటు నేను. ఆమె ఊపిరి నాకు వినబడింది.

"ఓలె…" అని ఇంకొక్కసారి, ఈసారి పిలిచినట్టు కాకుండా తనలో తాను అనుకున్నట్టు అన్నది. తర్వాత చెప్పుల చప్పుడు. కిటికీ సందులోంచి చూశాను. గోడ తడుముకుంటూ పోయి, తన గుమ్మంలో కూర్చుని చుట్ట వెలిగించింది. నిప్పు లోపలికి పోయింది. రెండింటికి బ్లాస్టింగ్ అయింది, నాలుగింటికి లారీలు వచ్చి పోయాయి. ఆమె అక్కడి నుంచి లేవలేదు. నేను నవల పూర్తి చేశాను. చివర్లో ఏం జరిగిందో ఆ రాత్రికే మరిచిపోయాను.

సాయంత్రం కోడలు వచ్చి వాళ్ల గోడ దగ్గరికి నన్ను పిలిచింది. "సూసినవా మా అత్త పని? గంత పిండి రుబ్బి గట్లనే ఇడిసిపెట్టింది. ఎండకు పులిసిపోయింది. ఏమైందంటే పలుకది. రొట్టె చేద్దామంటే ముట్టనియ్యలే. ఆవుకేసిన. నువ్వు పోలేదా?"

"నన్ను పిలవలే," అన్నాను.

కోడలి వెనక, గుమ్మంలో, ఆమె కూర్చునే ఉంది. నా మాట విన్నది. విని ఒక్క ముక్క అనలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు. మరునాడు నేను నీళ్లకు పోతుంటే ఎప్పటిలాగే, "ఏటి గుంటా, కొత్త పుస్తకం వొచ్చినాదా?" అని అడిగింది. తిట్టి ఉంటే బాగుండేది. నేను తలూపి వెళ్లిపోయాను. తలూపితే ఆమెకు కనబడదని కూడా తోచలేదు.

ఆ వానాకాలంలో కొడుకు కూడా ముందే రిటైర్మెంట్ తీసుకుని విసాపూర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. సామాన్ల లారీలో రోలు ఎక్కించేటప్పుడు ఆమె దాని పక్కన నిలబడి అంచు మీద చెయ్యి వేసుకుని ఉంది. నేను తలుపు చాటునుంచి చూశాను. అంతకంటే ముందుకు పోలేకపోయాను.

మొన్న మాఘంలో నేను విరూర్ పోయాను. ఒక్కదాన్నే. అమ్మకు చంద్రపూర్‌లో లైబ్రరీకి పోతున్నానని చెప్పాను. టికెట్ అడిగాను, రైతు ఇల్లు అడిగాను, బియ్యం అడిగాను. నా జీవితంలో ఒకే రోజున అంతమంది కొత్తవాళ్లతో మాట్లాడలేదు. తిరిగి వచ్చేటప్పుడు బల్లార్షాలో దిగి విసాపూర్‌కు ఆటో ఎక్కాను.

ఆమె ముందు గదిలో మంచం మీద ఉంది. బాగా చిక్కిపోయింది. చెంపల మీద గంధం లేదు. చుట్ట కూడా డాక్టరు మాన్పించాడట. కోడలు "అత్తా, కోలరీ నుంచి మన పుస్తకాల పిల్ల వచ్చింది" అని చెప్పి చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.

నేను సంచి మూతి విప్పి ఆమె చేతికి అందించాను. ఒక గింజ తీసుకుని వేళ్ల మధ్య నలిపి, ముందు పళ్లతో కొరికింది.

"విరూర్‌ది," అన్నది. "ఎవరితో ఎల్లినావు?"

"ఒక్కదాన్నే."

"ఒక్కర్తివే! మరి మాటాడినావా అందరితో?"

"మాట్లాడిన."

ఆమె నవ్వింది. ఆ నవ్వుకు దగ్గు వచ్చి చాలాసేపు ఆగలేదు. నేను వీపు నిమిరాను. ఎముకలు చేతికి తగిలాయి. ఈ ఏడు పండుగ దాకా ఆమె ఉంటుందో లేదో నాకు అప్పుడు అనుమానం వచ్చింది. ఆమెకు అనుమానం ఉన్నట్టు లేదు, తెలిసిపోయినట్టే ఉంది. బియ్యం సంచిని పక్కకు జరిపి, గోడవైపు పెట్టేసింది.

చెప్పాలనే వచ్చాను. బస్సులో, రైల్లో, ఆటోలో ఆ వాక్యాన్ని కూర్చుకుంటూనే ఉన్నాను. "అమ్మమ్మా, ఆ రోజు…" అన్నాను. అంతే. కళ్లలోంచి నీళ్లు వచ్చేశాయి. చప్పుడు కాకుండా ఏడవడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటే. అయినా ఆమెకు తెలిసింది. చెయ్యి చాపి, తడుముకుని, నా మణికట్టు పట్టుకుంది.

"ఊరుకోవే, పిచ్చి గుంటా," అన్నది. "ఏదో పని పడుంతాది నా కూతురికీ. ఆ ఏడు అక్కడ అదీ సేసుండదులే."